లెక్కకు లొంగని కిల్న్‌ని ఆటోలో పెట్టిన అనుభవం

సూర్యాపేట జిల్లాలో కృష్ణా నదికి దగ్గరగా ఉన్న సున్నపురాయి బెల్ట్‌లో సిమెంట్ ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి. వాటిలో ఒకదాంట్లో నేను ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజినీర్‌ని. రోజుకు 3000 టన్నుల క్లింకర్ (నూరితే సిమెంట్ అయ్యే కాల్చిన ముద్దలు) తీసే పాత లైను మాది. ఆ లైన్‌లో కాల్సినర్‌నీ, కిల్న్‌నీ మ్యాథమెటికల్ మోడల్ లేకుండా ఆటోలో, అంటే ఆపరేటర్ చేయి పెట్టకుండా తనంతట తాను నడిచేలా చేసే పని మా టీమ్ చేసింది. కాలేజీలో కంట్రోల్ సిస్టమ్స్ లెక్కలన్నీ "ఈ ప్రాసెస్ ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ (ఇన్‌పుట్ మారితే అవుట్‌పుట్ ఎలా మారుతుందో చెప్పే సమీకరణం) ఇది" అనే వాక్యంతో మొదలయ్యేవి. ప్లాంట్‌లో ఆ వాక్యం మనకు ఎవరూ రాసివ్వరు. అది లేకుండా ఎలా ముందుకు వెళ్లామో రాస్తే, ఇదే పనిలో ఉన్న కుర్రాళ్లకు పనికొస్తుందని ఈ ప్రయత్నం.

కిల్న్ గురించి తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. మెత్తగా నూరిన రాతి పొడిని ప్రీహీటర్ టవర్ పైనుంచి వదులుతాం. అది సైక్లోన్ల గుండా దిగుతూ, కిందినుంచి వచ్చే వేడి గ్యాస్‌తో వేడెక్కుతుంది. టవర్ అడుగున ఉన్న కాల్సినర్‌లో బొగ్గు వేసి 860 నుంచి 900 డిగ్రీల మధ్య ఉంచితే, రాయిలోని కార్బన్ డయాక్సైడ్ 90 శాతానికి పైగా అక్కడే పోతుంది. మిగతా పని కిల్న్‌ది. కొద్దిగా వాలుగా పడుకోబెట్టిన పొడవాటి ఉక్కు గొట్టం, లోపల ఇటుక, నిమిషానికి నాలుగైదు చుట్లు. దిగువ చివర బర్నర్ మంట దగ్గర మెటీరియల్ 1450 డిగ్రీలకు చేరి క్లింకర్‌గా మారి కూలర్‌లో పడుతుంది. కాల్సినర్ వేడి తగ్గితే సగం కాలిన పొడి కిల్న్‌లోకి పోతుంది. పెరిగితే సైక్లోన్ జామ్ అవుతుంది. సైక్లోన్ జామ్ తీయడమంటే ప్రాణాలతో పని. లోపలున్న వేడి పొడి నీళ్లలాగే జారి మీద పడగలదు. అందుకే ఈ ఉష్ణోగ్రతను నిలకడగా ఉంచడం నాకు ఉత్పత్తి కన్నా ముందు భద్రతకు సంబంధించిన విషయం.

మా దగ్గర అంతకుముందు మోడల్ ఆధారంగా నడిచే ఒక సాఫ్ట్‌వేర్ పెట్టారు. పేరు అనవసరం. దాన్ని పెట్టినవాళ్లు పద్ధతిగానే చేశారు. బొగ్గును కాస్త పెంచి ఏమవుతుందో చూశారు, ఫ్యాన్‌ని కాస్త పెంచి చూశారు, ఆ రికార్డుల నుంచి మోడల్ తయారుచేశారు. మొదట్లో బాగానే నడిచింది. తర్వాత షట్‌డౌన్‌లో బర్నింగ్ జోన్ ఇటుక మార్చాం. కొత్త ఇటుక మీద కోటింగ్ (లోపల అతుక్కుని గట్టిపడే మెటీరియల్ పొర) కట్టే తీరు వేరు. కోటింగ్ మందం మారితే షెల్ (బయటి ఉక్కు గొట్టం) నుంచి బయటికి పోయే వేడి మారుతుంది, మెటీరియల్ దొర్లే తీరు మారుతుంది. ఆ తర్వాత బొగ్గు మిక్స్ మారింది. సింగరేణి బొగ్గులో బూడిద ఎక్కువ. పెట్‌కోక్‌లో (ముడి చమురు శుద్ధిలో మిగిలే ఘన ఇంధనం) బూడిద దాదాపు ఉండదు కానీ గంధకం ఎక్కువ, పైగా అంటుకోవడం ఆలస్యం. ఏ నెలలో ఏది ఎంత కలుస్తుందో ధర చూసి పర్చేజ్ వాళ్లు నిర్ణయిస్తారు. మోడల్‌లో ఉన్న కిల్న్ ఒకటి, మా ముందు తిరుగుతున్న కిల్న్ ఇంకొకటి అయింది. మళ్లీ టెస్టులు చేసి మోడల్ మార్చాలంటే మళ్లీ డబ్బు, మళ్లీ మనుషులు రావాలి. ఆపరేటర్లు దాన్ని ఆఫ్ చేసి మాన్యువల్‌లో నడుపుకోవడం మొదలుపెట్టారు. వాళ్లను తప్పుపట్టలేం.

మోడల్ అవసరం లేని పద్ధతులు వెతకడం అక్కడ మొదలైంది. అయితే కంట్రోలర్ జోలికి పోకముందే చేయాల్సిన పని ఒకటుంది. కొత్త పద్ధతుల గురించి చదివిన ఉత్సాహంలో దీన్ని చాలామంది వదిలేస్తారు. కాల్సినర్‌కి బొగ్గు తోసే డోసింగ్ సిస్టమ్ అడిగినంత బొగ్గు ఇవ్వడం లేదు. స్క్రీన్ మీద గంటకు 10 టన్నులు అని నిలకడగా కనిపిస్తుంది, లోపల మాత్రం ఒక క్షణం ఎక్కువ, ఒక క్షణం తక్కువ పడుతోంది. కార్బన్ మోనాక్సైడ్ ట్రెండ్‌లో (స్క్రీన్ మీది గ్రాఫులో) సన్నటి ముళ్లలాంటి గీతలు కనిపిస్తే అనుమానించాల్సింది దీన్నే. బిన్‌లో ఏరేషన్ సరిచేసి, అరిగిపోయిన సీల్ మార్చి, క్యాలిబ్రేషన్ మళ్లీ చేశాక ఆ ముళ్లు చాలావరకు పోయాయి. కాల్సినర్ అవుట్‌లెట్ థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే సాధనం) మీద గట్టిపడిన పొడి వల్ల అది వేడిని ఆలస్యంగా చెప్తోంది. దాన్ని శుభ్రం చేయడాన్ని షిఫ్ట్ పనుల జాబితాలో చేర్చాం. ఎంత తెలివైన కంట్రోలర్ అయినా అడిగినంత బొగ్గు ఇవ్వని ఫీడర్‌తో ఏమీ చేయలేదు.

చిన్న లూపులతో మొదలుపెట్టాం. లూపు అంటే ఒక కొలతను చూస్తూ, దాన్ని బట్టి బొగ్గునో ఫ్యాన్‌నో సరిచేసే చక్రం. కిల్న్ హుడ్ (బర్నర్ వైపు చివర ఉండే మూత) దగ్గర డ్రాఫ్ట్, అంటే గాలిని లోపలికి లాగే ఒత్తిడి, మైనస్ 3 మిల్లీమీటర్ల నీటిమట్టం దగ్గర ఉండాలి. దాన్ని కూలర్ వెంట్ ఫ్యాన్ వేగంతో పట్టుకుంటాం. ఇక్కడ వాడింది పాత పద్ధతే. 1942లో అమెరికాలోని టేలర్ ఇన్‌స్ట్రుమెంట్ కంపెనీకి చెందిన జీగ్లర్, నికల్స్ చెప్పిన ఆలోచన ఏమిటంటే, ప్రాసెస్ సమీకరణం తెలియక్కర్లేదు. లూపుని సరిగ్గా ఊగే అంచుకు తీసుకెళ్లి, ఎంత గెయిన్ (తేడాకి కంట్రోలర్ ఎంత గట్టిగా స్పందిస్తుందో చెప్పే సంఖ్య) దగ్గర ఊగింది, ఒక ఊపుకు ఎంత సమయం పట్టింది అని చూస్తే చాలు, సెట్టింగులు వాటి నుంచే వస్తాయి. నడుస్తున్న కిల్న్‌ని అలా అంచుకు తీసుకెళ్లమని ఎవరూ ఒప్పుకోరు. 1984లో స్వీడన్‌లోని లుండ్‌కు చెందిన ఓస్ట్రోమ్, హెగ్లుండ్ దీనికి రిలే పద్ధతి చెప్పారు. కంట్రోలర్ స్థానంలో ఒక స్విచ్ పెడతారు. డ్రాఫ్ట్ సెట్‌పాయింట్‌కి (ఉండాల్సిన విలువకి) ఒకవైపు ఉంటే ఫ్యాన్ 2 శాతం ఎక్కువ, ఇంకోవైపు ఉంటే 2 శాతం తక్కువ. లూపు తనంతట తాను చిన్నగా ఊగుతుంది, మనం పెట్టిన హద్దు దాటదు. డ్రాఫ్ట్ అటూ ఇటూ 1 మిల్లీమీటరు ఊగితే, నాలుగు రెళ్లు ఎనిమిదిని π (3.14) విలువతో భాగిస్తే దాదాపు 2.55. అదే ఊగే అంచులోని గెయిన్. పీఐ కంట్రోలర్‌కి (తేడానీ, అది పేరుకున్న మొత్తాన్నీ చూసి సవరించే మామూలు కంట్రోలర్) అందులో 0.45 వంతు, అంటే 1.15 దగ్గర. హుడ్ డ్రాఫ్ట్‌లో అలజడి ఎక్కువ కాబట్టి అందులోనూ సగమే పెట్టాం. ఒక కప్పు టీ తాగేంతలో టెస్ట్ అయిపోతుంది. దగ్గర నిలబడి చూసిన ఆపరేటర్లకు మా మీద మొదటి నమ్మకం కుదిరింది ఈ చిన్న పనితోనే అనుకుంటాను.

కాల్సినర్ లూపు ఇంత తేలిక కాదు. రాతి పొడి ఫీడ్ మారినా, బొగ్గు నాణ్యత మారినా, కూలర్ నుంచి వచ్చే టెర్షియరీ గాలి వేడి మారినా ఉష్ణోగ్రత కదులుతుంది. ఒక పరిస్థితిలో కుదిరిన పీఐడీ (పీఐకి తేడా మారే వేగాన్ని కూడా కలిపిన కంట్రోలర్) సెట్టింగు ఇంకో పరిస్థితిలో వేటాడుతుంది. ప్లాంట్‌లో దీన్ని హంటింగ్ అంటాం. ఉష్ణోగ్రత 20 డిగ్రీలకు పైగా పైకీ కిందికీ ఊగుతూ ఉండేది. ఇక్కడ మేం ఎంచుకున్నది ఫ్రాన్స్‌కు చెందిన మిషెల్ ఫ్లీస్, సెడ్రిక్ జ్వాన్ ప్రతిపాదించిన పద్ధతి. వాళ్ల సమగ్రమైన వ్యాసం 2013లో వచ్చింది.

దాని సారం ఇంతే. ప్రాసెస్ మొత్తాన్ని వర్ణించే ప్రయత్నం మానేయండి. ఇప్పుడు, ఈ కాసేపటికి మాత్రమే, "ఉష్ణోగ్రత మారే వేగం అంటే తెలియని కారణాలన్నీ కలిసి చేస్తున్నది, దానికి తోడు మన బొగ్గు చేస్తున్నది" అని రాసుకోండి. బొగ్గు చేసేదాన్ని ఒక స్థిరసంఖ్యతో బొగ్గు పరిమాణాన్ని గుణించి రాస్తారు. ఉష్ణోగ్రత ఎంత వేగంగా మారుతోందో కొలత నుంచి తెలుసు, ఎంత బొగ్గు వేశామో తెలుసు. మొదటిదాంట్లోంచి రెండోదాని వంతు తీసేస్తే మిగిలేది ఆ తెలియని భాగం. బొగ్గులో బూడిద పెరిగిందా, పొడి తడిగా వచ్చిందా, గాలి చల్లబడిందా అనే విచారణ లేదు. అన్నీ కలిపి ఒకే సంఖ్య. దాన్ని గడిచిన కొన్ని పదుల సెకన్ల రికార్డు నుంచి ఎప్పటికప్పుడు మళ్లీ లెక్కగట్టి, దానికి సరిపడా బొగ్గుతో కొట్టేస్తాం. మిగిలిన తేడాకి మామూలు ప్రపోర్షనల్ సవరణ (తేడా ఎంతో దానికి తగ్గట్టు) ఒకటి. పొయ్యి మీద పాలు ఎంత వేగంగా పైకి వస్తున్నాయో చూసి మంట తగ్గించేవాళ్లకు పాలలో వెన్న శాతం తెలియాల్సిన పని లేదు కదా. చైనాలో హాన్ జింగ్‌చింగ్ అభివృద్ధి చేసిన పద్ధతి కూడా ఇదే దారిలో వెళ్తుంది. తెలియనిదంతా ఒక్క డిస్టర్బెన్స్‌గా లెక్కేసి దాన్ని అంచనా కట్టి రద్దు చేస్తుంది.

దీన్ని మా డీసీఎస్‌లోనే (ప్లాంట్‌ని నడిపే కంట్రోల్ కంప్యూటర్ వ్యవస్థ) ఉన్న మామూలు ఫంక్షన్ బ్లాకులతో రాయగలిగాం. కూడిక, తీసివేత, ఫిల్టర్, డిలే, అంతే. బయటి కంప్యూటర్ అక్కర్లేదు, లైసెన్స్ అక్కర్లేదు. కష్టమంతా రెండుచోట్ల ఉంది. మొదటిది ఆ స్థిరసంఖ్య. అది ఖచ్చితంగా ఉండక్కర్లేదు, కానీ పరిమాణంలో సరైన మెట్టు మీద ఉండాలి. బొగ్గు కాస్త పెంచితే నిమిషంలో ఎన్ని డిగ్రీలు కదులుతుందో ఆపరేటర్లకు నోటికి తెలుసు, అక్కడినుంచి తీసుకున్నాం. చాలా చిన్నది పెడితే కంట్రోలర్ బొగ్గును విసిరికొడుతుంది, చాలా పెద్దది పెడితే నిద్రపోతుంది. రెండోది ఆలస్యం. డోసింగ్ నుంచి బొగ్గు పైపులో ప్రయాణించి, మండి, థర్మోకపుల్‌కి తెలిసేసరికి కొంత సమయం పోతుంది. ఇప్పటి ఉష్ణోగ్రతను ఇప్పటి బొగ్గుతో జతకడితే తెలియని భాగం అంచనా తప్పుతుంది. కాబట్టి లెక్కలో వాడే బొగ్గు విలువను కూడా అంతే సమయం వెనక్కి జరిపాం. ఆలస్యం కొద్దిగా ఉన్నచోటే ఈ పద్ధతి చక్కగా పనిచేస్తుంది. కాల్సినర్‌లో ఉన్నంత ఆలస్యాన్ని అది భరించింది.

ఇక అందరూ గుర్తుపెట్టుకోవాల్సిన విషయం దిశ గురించి. ఈ కంట్రోలర్లన్నీ "బొగ్గు పెంచితే వేడి పెరుగుతుంది" అని ముందే ఒప్పుకుని కూర్చుంటాయి. కాల్సినర్‌లో కొన్నిసార్లు ఇది నిజం కాదు. ఆక్సిజన్ తగ్గిపోయినప్పుడు ఇంకా బొగ్గు వేస్తే అది కాల్సినర్‌లో మండదు. పైకి ఎగిరి, అట్టడుగు సైక్లోన్‌లోకి వెళ్లి మండుతుంది. అప్పుడు కాల్సినర్ అవుట్‌లెట్ ఉష్ణోగ్రత పడిపోతూ కనిపిస్తుంది. కంట్రోలర్ "అరే, చల్లబడుతోంది" అని ఇంకా బొగ్గు వేస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది, పేలుడు జరగకుండా ఈఎస్‌పీ (కరెంటుతో దుమ్ము పట్టే యంత్రం) ట్రిప్ అవుతుంది, అంటే తనంతట తాను ఆగిపోతుంది. సైక్లోన్‌లో అతివేడి వల్ల పొడి అతుక్కుని జామ్ మొదలవుతుంది. అంతా కంట్రోలర్ తన రూల్ ప్రకారం చేస్తుండగానే జరుగుతుంది.

దీన్ని మాకు స్పష్టంగా చెప్పింది మా సీనియర్ ఆపరేటర్ ఒకాయన. నీలం రంగు అద్దంలోంచి మంటను చూస్తూ కిల్న్ నడిపిన కాలం నుంచి పనిచేస్తున్నారు. అందరికన్నా పెద్దవారు కాబట్టి అందరం అన్నా అనే పిలుస్తాం.

"సార్, అడుగు సైక్లోన్ టెంపరేచర్ కాల్సినర్‌ని దాటిందంటే బొగ్గు పెంచుడు ఆపాలె. ఫ్యాన్ లాగాలె, లేకుంటే ఫీడు తగ్గించాలె. అప్పుడు బొగ్గేస్తే మంట పైకి పోతది, కిందికి రాదు" అన్నారు.

"ఎన్ని డిగ్రీలు దాటితే అన్నా?"

"డిగ్రీలు కాదు సార్, దాటి ఆగుతుందా, ఇంకా పోతుందా చూడాలె."

ఆయన చెప్పింది అలాగే లాజిక్‌లో రాశాం. రెండు ఉష్ణోగ్రతల తేడా, ఆ తేడా పెరుగుతోందా లేదా, ఆక్సిజన్ కనీస హద్దు, కార్బన్ మోనాక్సైడ్ గరిష్ఠ హద్దు. వీటిలో ఏది కదిలినా బొగ్గు పెంచే వైపు తలుపు మూసేసి, తగ్గించే వైపు మాత్రమే తెరిచి ఉంచుతుంది. ఈ కాపలా లేకుండా ఈ పద్ధతిని ఏ ఫర్నేస్ మీదా పెట్టొద్దని నా గట్టి అభిప్రాయం.

కాల్సినర్ కుదురుకున్నాక అసలు కిల్న్ వైపు వెళ్లాం. బర్నింగ్ జోన్ వేడిని నేరుగా కొలవలేం. పైరోమీటర్ (దూరం నుంచే వేడి కొలిచే సాధనం) ఉంది కానీ దుమ్ము లేచినప్పుడు అది దుమ్మునే కొలుస్తుంది. కాబట్టి చుట్టూ ఉన్న సాక్ష్యాలు చూడాలి. మంట వేడెక్కితే గాలిలోని నైట్రోజన్ నుంచి పుట్టే నాక్స్ (నైట్రోజన్ ఆక్సైడ్లు) పెరుగుతుంది. మెటీరియల్ వేడెక్కితే జిగురు పట్టి గోడ వెంబడి ఎక్కువ ఎత్తుకు ఎక్కుతుంది, అప్పుడు మెయిన్ డ్రైవ్ ఎక్కువ కరెంటు లాగుతుంది. ల్యాబ్ నుంచి లీటర్ వెయిట్ (ఒక లీటరు క్లింకర్ బరువు), ఫ్రీ లైమ్ (కలవకుండా మిగిలిన సున్నం) వస్తాయి. లీటర్ వెయిట్ 1200 నుంచి 1350 గ్రాముల మధ్య, ఫ్రీ లైమ్ 1 నుంచి 1.5 శాతం మధ్య ఉంటే బాగా కాలినట్టు. కానీ ల్యాబ్ ఫలితం వచ్చేసరికి ఆ క్లింకర్ ఎప్పుడో కూలర్ దాటిపోయి ఉంటుంది. ఇన్ని అసంపూర్ణ సాక్ష్యాలు, ఇంత ఆలస్యం ఉన్నచోట పైన చెప్పిన ఫ్రెంచ్ పద్ధతి సరిపోదు. ఇక్కడ ఫజ్జీ లాజిక్ వాడాం. "తక్కువ", "మామూలు" లాంటి మాటలకు సున్నా నుంచి ఒకటి వరకు విలువలిచ్చి, మనిషి రూల్స్‌తో లెక్కకట్టే పద్ధతి ఇది.

ఫజ్జీ లాజిక్‌కీ సిమెంట్ కిల్న్‌కీ పాత చుట్టరికం. బర్కిలీలో లోట్ఫీ జాదే 1965లో ఫజ్జీ సెట్ల సిద్ధాంతం రాశారు. లండన్‌లోని క్వీన్ మేరీ కాలేజీలో ఎబ్రహీం మమ్దానీ 1970ల మధ్యలో ఒక చిన్న ఆవిరి ఇంజన్‌ని ఫజ్జీ రూల్స్‌తో నడిపి చూపించారు. ఆ తర్వాత పరిశ్రమలో దీన్ని మొదట నిలబెట్టింది డెన్మార్క్‌లోని ఎఫ్.ఎల్. స్మిత్ కంపెనీ ఇంజినీర్లు హోల్మ్‌బ్లాడ్, ఓస్టర్‌గార్డ్. 1970ల చివర, 1980ల మొదట్లో వాళ్లు దాన్ని పెట్టింది సిమెంట్ కిల్న్ మీదే. ఎందుకంటే కిల్న్‌ని మనిషి అప్పటికే రూల్స్‌తో నడుపుతున్నాడు. ఆ రూల్స్‌ని మెషీన్‌కి అర్థమయ్యేలా రాయడమే వాళ్లు చేసిన పని.

మేమూ అదే మొదలుపెట్టాం, కానీ మనుషుల్ని అడిగి రాసుకోవడం అనుకున్నంత సులువు కాలేదు. ఉన్నది ఒకే కిల్న్ అయినా, మూడు షిఫ్టులకూ మూడు కిల్న్‌లు అన్నట్టు. ఒకాయన ఎప్పుడూ వేడిగా ఉంచుతారు, ఫ్రీ లైమ్ గురించి ఫోన్ రాకూడదని. ఇంకొకాయన బొగ్గు ఆదా చూస్తారు. షిఫ్టు మారిన మొదటి గంటలో సెట్‌పాయింట్లన్నీ కదులుతాయి, కిల్న్ ఊగుతుంది. అది కుదురుకునేసరికి ఇంకో షిఫ్టు వస్తుంది. దీన్ని వాళ్ల తప్పుగా చూపిస్తే ఎవరూ నోరు విప్పరు. అందుకని పాత ట్రెండ్లు ప్రింట్ తీసి, తేదీ, షిఫ్టు లేకుండా టేబుల్ మీద పరిచి, "ఇక్కడ మీరుంటే ఏం చేస్తారు?" అని అడిగాం. పేర్లు లేని కాగితం మీద అందరూ స్వేచ్ఛగా మాట్లాడారు. చాలాచోట్ల ముగ్గురి సమాధానం ఒకటే. తేడా వచ్చింది ఎంత, ఎప్పుడు అన్నదాంట్లో మాత్రమే.

అక్కడే విలువైన రూల్స్ దొరికాయి. నాక్స్ పడిపోతుంటే కిల్న్ చల్లబడుతోందని పుస్తకం చెప్తుంది. అన్న మాత్రం వేలు ఇంకో గీత మీద పెట్టారు. "నాక్స్ ఒక్కటే చూసి బొగ్గెయ్యొద్దు. ఆక్సిజన్ గూడ పడుతుంటే చల్లబడ్డట్టు కాదు, దానికి ఊపిరాడుతలేదు" అన్నారు. నిజమే, ఆక్సిజన్ తగ్గితే మంట వేడిగా ఉన్నా నాక్స్ తగ్గుతుంది. ఇంకో రూల్, డ్రైవ్ కరెంటు ఉన్నట్టుండి ఎగిరితే అది వేడి పెరగడం కాదు, కోటింగ్ ఊడి పడింది. కాసేపట్లో కాలని మెటీరియల్ ఒక్కసారిగా ముందుకు తోసుకొస్తుంది. బొగ్గు సంగతి తర్వాత, ముందు కిల్న్ వేగం తగ్గించాలి. ఇంకొకటి, ఆక్సిజన్ ఉన్నట్టుండి పెరిగి, నాక్స్ కూడా అదే క్షణం పడితే అది కిల్న్ మార్పు కాదు, ఇన్‌లెట్ ప్రోబ్ (కొలవడానికి గ్యాస్ నమూనా తీసే గొట్టం) దగ్గర బయటి గాలి లాగుతోంది. ప్రోబ్ తనను తాను గాలితో శుభ్రం చేసుకునేటప్పుడు రీడింగు నిలిచిపోతుంది. ఆ సమయంలో వచ్చే విలువలను కంట్రోలర్ చూడకూడదు.

ఫజ్జీ లెక్క ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ. ఒక క్షణంలో నాక్స్ "తక్కువ" అన్నదానికి 0.7, "మామూలు" అన్నదానికి 0.3 చెందుతుంది. డ్రైవ్ కరెంటు "తక్కువ"కి 0.4, "మామూలు"కి 0.6. రెండూ తక్కువైతే గంటకు 200 కిలోల బొగ్గు పెంచు అనేది రూల్. రెండు విలువల్లో చిన్నది 0.4, దాని బరువు అంత. నాక్స్ తక్కువ, కరెంటు మామూలు అయితే 50 కిలోలు, బరువు 0.6. నాక్స్ మామూలు, కరెంటు తక్కువ అయితే 50 కిలోలు, బరువు 0.3. రెండూ మామూలైతే ఏమీ వద్దు, బరువు 0.3. బరువులతో గుణించి కూడితే 125, బరువుల మొత్తం 1.6. భాగిస్తే 78 కిలోలు. మా మెయిన్ బర్నర్ గంటకు ఆరున్నర టన్నుల దగ్గర నడుస్తుంది కాబట్టి ఇది ఒక్క శాతం పైచిలుకు. మంచి ఆపరేటర్ కూడా సుమారుగా ఇంతే కదిలిస్తాడు. తర్వాత చాలాసేపు ఏమీ ముట్టుకోకుండా చూస్తాడు. ఆ ఆగడాన్ని కూడా రూల్‌లో పెట్టాం, ఎందుకంటే మెటీరియల్ కిల్న్ దాటడానికే 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. "తక్కువ" అంటే ఎంత అన్నది కూడా స్థిరంగా పెట్టలేదు. ఇంధనం మారితే నాక్స్ మామూలు స్థాయే మారిపోతుంది కాబట్టి, గడిచిన కొన్ని గంటల సగటుతో పోల్చి తక్కువో ఎక్కువో చెప్పేలా చేశాం.

ఆటో బటన్ వెంటనే నొక్కించలేదు. ముందు సలహా మాత్రమే. స్క్రీన్ మీద ఒక మూల "నేనైతే 80 కిలోలు పెంచుతా" అన్న అర్థం వచ్చేలా ఒక సంఖ్య, పక్కన ఏ రూల్ వల్ల అన్నానో కారణం. ఆపరేటర్ తన పని తాను చేసుకుంటాడు. సలహాకూ, ఆయన చేసినదానికీ తేడా వచ్చిన ప్రతిసారీ కూర్చుని మాట్లాడాం. ఎక్కువసార్లు ఆపరేటర్ మెషీన్‌కి తెలియనిది ఏదో చూశాడు. కెమెరాలో మంట రంగు, కూలర్‌లో పడే ముద్దల సైజు, ఫీల్డ్ బాయ్ వాకీటాకీలో చెప్పిన మాట. కొన్నిసార్లు మెషీనే ముందు కనిపెట్టింది, ముఖ్యంగా తెల్లవారుజామున, కళ్లు మూతలు పడే వేళల్లో.

కారణం చూపించడం అనే ఈ ఒక్క పనితో సగం భయం పోయింది. మిగతా సగం వేరే భయం. ఆటోలో ఉండగా కిల్న్ ట్రిప్ అయితే ఎవరిని అడుగుతారు? ఆపరేటర్లందరికీ టెన్షన్ దాని గురించే. దీనికి టెక్నికల్ జవాబు లేదు. ప్రొడక్షన్ హెడ్‌తో మాట్లాడి, ఆటోలో జరిగిన దేనికీ షిఫ్టు ఆపరేటర్‌ని సంజాయిషీ అడగరని, మాన్యువల్‌లోకి ఎప్పుడైనా తీసుకునే హక్కు ఆయనదేనని రాతపూర్వకంగా ఇప్పించాం. ఆ కాగితం కంట్రోల్ రూమ్ నోటీసు బోర్డుకెక్కాకే ఆటో నిజంగా ఆన్ అయింది. మాన్యువల్‌కి, ఆటోకి మారేటప్పుడు బొగ్గు ఒక్క కిలో కూడా ఎగరకుండా చూసుకున్నాం. ఆటో ఒక్కసారిగా ఎంత కదిలించవచ్చో, మొత్తంగా ఎక్కడివరకు వెళ్లవచ్చో హద్దులు ఆపరేటర్లే పెట్టారు. గ్యాస్ కొలిచే అనలైజర్ చెడితే కిల్న్ లూపు తనంతట తాను సలహా స్థాయికి దిగి, గట్టిగా అలారం ఇస్తుంది.

ఇప్పుడు కాల్సినర్ ఉష్ణోగ్రత మామూలు రోజుల్లో ఐదారు డిగ్రీల లోపే ఉంటోంది. షట్‌డౌన్ తర్వాత ఇటుక మార్చినా ఆ లూపులో ఏమీ ముట్టుకోనక్కర్లేకపోయింది, దాన్ని ఎంచుకున్నదే అందుకు. కిల్న్ వైపు అంత ఘనంగా చెప్పను. షిఫ్టు మార్పు దగ్గర ఊగడం బాగా తగ్గింది, ఫ్రీ లైమ్ ఫలితాలు ఒకదానికొకటి దగ్గరగా వస్తున్నాయి. కానీ స్టార్టప్, పెద్ద కోటింగ్ ఊడడం, రింగు కట్టడం (కిల్న్ లోపల మెటీరియల్ వలయంలా పేరుకోవడం) లాంటి వేళల్లో ఇప్పటికీ మనిషే నడపాలి, నడుపుతున్నాడు. ఆ పరిస్థితులకు రూల్స్ రాయడానికి తగినంత అనుభవం కాగితం మీదికి ఇంకా రాలేదు. పెట్టుబడి సమావేశాల్లో మోడల్ లేని కంట్రోల్ అంటే ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదని, పెట్టగానే తనే నేర్చుకుంటుందని చెప్పి అమ్మేవాళ్లు వస్తుంటారు. వాళ్లను నేను మూడు ప్రశ్నలు అడుగుతాను. ఇన్‌పుట్ ప్రభావం దిశ తిరగబడినప్పుడు మీ కంట్రోలర్‌కి ఎలా తెలుస్తుంది? ఆలస్యం పెరిగితే ఏం చేస్తుంది? సెన్సర్ అబద్ధం చెప్తే ఎవరు పట్టుకుంటారు? మొదటి ప్రశ్నకే మాట మార్చేవాళ్లకు ప్లాంట్ గేటు దాటి లోపలికి వచ్చే అవకాశం ఇవ్వకపోవడం మంచిది.

కొత్తగా ఆర్‌డీఎఫ్, అంటే నగరాల చెత్త నుంచి వేరుచేసిన మండే సరుకు, కాల్సినర్‌లో వేయడం మొదలుపెట్టాం. ప్లాస్టిక్, గుడ్డ, కాగితం కలిసి ఉంటాయి. వాన పడితే తడి బరువు. ఒక లారీ సరుకు మండినట్టు ఇంకో లారీది మండదు. కాల్సినర్ లూపు దీన్ని కూడా తెలియని భాగంలో కలిపేసుకుని బొగ్గుతో సరిచేస్తోంది, కానీ ఆర్‌డీఎఫ్ ముద్దగా పడిన క్షణంలో ఆక్సిజన్ హద్దు తరచుగా తగిలి, బొగ్గు పెంచే తలుపు మూసుకుపోతోంది. ఎంతసేపు మూసి ఉంచాలి, ఫ్యాన్‌ని ముందే ఎంత లాగి ఉంచాలి అన్నది అన్నతోనూ, మిగతా రెండు షిఫ్టులవాళ్లతోనూ మళ్లీ ట్రెండ్ కాగితాలు పరిచి మాట్లాడుతున్నాం. కన్వేయర్ మీదికి ఏ లారీ సరుకు ఎక్కుతోందో ఫీల్డ్ బాయ్ వాకీటాకీలో ముందే చెప్తే పనవుతుందని అన్న అంటున్నారు. ఆ మాటను డీసీఎస్‌లోకి ఒక బటన్‌గా ఎలా తేవాలో చూస్తున్నాం.